ఊరి చెట్ల మీద కొంగల కొలువు: తరచుగా అడిగే ప్రశ్నలు

శీతాకాలంలో ఏ ఆదివారమైనా నేలపట్టు చెరువుగట్టు మీద గంటసేపు నిలబడితే, పక్షుల అరుపులతోపాటు మనుషుల ప్రశ్నలూ చెవిన పడతాయి. ఏటా అవే ప్రశ్నలు. జవాబులు మాత్రం మనిషికొకటి. నేను శాస్త్రవేత్తను కాను, చాలాకాలంగా చెరువుల వెంట తిరుగుతున్న మనిషిని మాత్రమే. ఎక్కువమంది అడిగేవి ఒకచోట రాసిపెడితే, గట్టు మీద వాదనలు తగ్గి పక్షులను చూసే సమయం కాస్త పెరుగుతుందని ఈ ప్రయత్నం.

ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయట కదా?

రావు. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ తప్పు జవాబులు వినిపించేదీ దీనికే. పత్రికల్లో, ఊరి మొదట్లోని బోర్డుల మీద, చివరికి బడిపిల్లల వ్యాసాల్లో కూడా ‘సైబీరియా కొంగలు’ అనే రాస్తుంటారు. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం, వీరాపురం చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు అచ్చంగా ఈ నేల పక్షులు. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి ఎక్కడా గుడ్లు పెట్టదు. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. ఏ పక్షి ఎక్కడిదో తేల్చడానికి ఒక సులువైన లెక్క ఉంది. అది ఎక్కడ గూడు కడితే అదే దాని ఊరు. సైబీరియా నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిని బలం పుంజుకుని, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లి అక్కడే గుడ్లు పెడుతుంది. మన చింతచెట్టు మీద పిల్లలను లేపేది ఆ దేశపు పక్షి కాజాలదు.

సైబీరియా కొంగ అనే తెల్లటి పక్షి ఒకటి నిజంగానే ఉంది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. పైగా అది చెట్టెక్కదు.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు నవ్వుతారు. ఒక ఏడు పక్షులు తగ్గితే ‘సైబీరియాలో ఏదో అయివుంటుంది’ అని మనం చేతులు దులుపుకోవడానికి ఈ పేరు బాగా అక్కరకు వస్తుంది. వచ్చేది సూళ్లూరుపేట పక్కనుంచో, పక్క జిల్లా చెరువు నుంచో అని తెలిస్తే ఆ మాట అనలేం. కొంగలు వచ్చే పల్లెల్లో పెద్దవాళ్లు వీటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలతో పోలుస్తారు. బోర్డు రాసినవాళ్ల కంటే వాళ్లకే విషయం బాగా తెలుసు.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవి ఏవి?

సూదితోక బాతులు, నల్లతోక గాడ్విట్‌లనే పొడవుముక్కు నీటిపక్షులు, తల మీద రెండు నల్లచారలున్న పట్టీతల బాతులు వస్తాయి. ఈ చివరివి మధ్య ఆసియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. జొన్న కంకులు పాలుపట్టే వేళకు గుంపులుగా దిగే గులాబి గోరింకలు కూడా మధ్య ఆసియావే. పులికాట్‌లో జనం ఎగబడి చూసే ఫ్లెమింగోలు మాత్రం అంత దూరపువి కావు. మన దేశంలో అవి పెద్దఎత్తున గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ ఉప్పునేలల్లో.

ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలి?

నేలపట్టు తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక అక్టోబరు, నవంబరుల్లో గూళ్లు మొదలవుతాయి. జనవరికి పిల్లలు పెరిగి చెట్లన్నీ గోలగోలగా ఉంటాయి. ఆ పక్కనే పులికాట్ ఉంది. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత ఇదే పెద్దది. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ రోజుల్లో జనం మరీ ఎక్కువ. పక్షుల కోసం వచ్చేవాళ్లు ఆ రోజులు తప్పించుకోవడం మేలని నా ఉద్దేశం.

గుంటూరు పక్కన ఉప్పలపాడు, కైకలూరు దగ్గర ఆటపాక, శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో తేలినీలాపురం కూడా శీతాకాలంలో చూడదగ్గవే. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి మాత్రం వానాకాలంలో వెళ్లాలి. అక్కడికి వచ్చేది నత్తలు తినే కొంగ, తొలకరితోనే దిగుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో లెక్క తలకిందులు. అక్కడ ఎర్రకాళ్ల కొంగలు మాఘ, ఫాల్గుణాల్లో వచ్చి ఎండాకాలమంతా ఉంటాయి. తెలంగాణలో ఖమ్మం జిల్లా చింతపల్లికి కూడా ఇవే కొంగలు వస్తాయి.

ఒకే పక్షికి ఊరికో క్యాలెండరు ఎందుకంటే, దానికి కావలసింది నెల కాదు, చేప. పిల్లల ఆకలి బాగా పెరిగే రోజులకు దగ్గర్లో చేప దండిగా దొరకాలి. ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి లోతులేని నీటిలో ముంచి, ఒక కాలితో బురద కదుపుతూ నడుస్తుంది. ఏదైనా తగిలితే ముక్కు టక్కున మూసుకుంటుంది. ఈ పద్ధతికి నిండు చెరువు కంటే, నీరు తగ్గి చేపలన్నీ ఒక మడుగులోకి చేరిన చెరువే నయం.

అడవి వదిలి ఊరి నడుమ చెట్ల మీదే ఎందుకు?

చాలామందికి ఇది వింత. నాకైతే ఇందులోనే అసలు కథ ఉందనిపిస్తుంది. గూడు కట్టే పక్షికి ముందు కావలసింది భద్రత. చెట్టు చుట్టూ నీళ్లుంటే పిల్లులు, నక్కలు రావు. నీళ్లు లేకపోతే మనుషులే ఆ కందకం అవుతారు, అయితే ఆ మనుషులు రాయి విసరకూడదు. కింద వంటావిడ గిన్నెలు తోముకుంటూ, పిల్లలు గోలీలాడుకుంటూ ఉండే పెరటి చింతచెట్టు మీద పెద్ద గద్దలు వాలడానికి జంకుతాయి.

ఈ నమ్మకం ఒక్కరోజులో కుదరదు, పోవడానికి మాత్రం ఒక్క సీజను చాలు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు దగ్గర గూడబాతుల మహాస్థావరాన్ని గుర్తించారు. అప్పుడు అక్కడ దాదాపు 3 వేల పక్షులు గూళ్లు కట్టాయి. 1970ల నడుమకు వచ్చేసరికి ఆ స్థావరం కనుమరుగైంది.

ఒక్క చెరువులో అన్ని రకాలు ఎలా సర్దుకుంటాయి?

ముక్కులు చూడండి, జవాబు అక్కడే ఉంది. నడి నీటిలో గూడబాతు తేలుతూ గొంతు సంచిని వలలా వేస్తుంది. నీటికాకి అడుగుకు మునిగి వెంటాడుతుంది. మోకాటిలోతులో నారాయణపక్షి ఒంటరిగా, బొమ్మలా నిలబడి పొడుస్తుంది. తెడ్డుమూతి కొంగ నీటిని ఇటూ అటూ జల్లెడ పట్టినట్లు తిప్పుతుంది. అంచున గుడ్డికొంగ గడ్డిలో కలిసిపోయి కూర్చుంటుంది. లేచి ఎగిరేదాకా దాని తెల్లరెక్కలు కనిపించవు. పైన తీగ మీద లకుముకి. గట్టు మీద తీతువు గూడంటూ కట్టకుండా రాళ్ల నడుమ రాళ్లలాంటి గుడ్లు పెట్టి, మనం దగ్గరికి వెళ్తే నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. అపశకునమని దాన్ని తిట్టుకుంటారు గానీ పాపం అది తన గుడ్లు తొక్కవద్దని చెబుతోంది. తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు, పొదలో జెముడుకాకి.

వీటన్నింటిలో నాకు ముచ్చటైనది నత్తలు తినే కొంగ. దాని ముక్కు పూర్తిగా మూసినా నడుమ సందు ఉంటుంది, అడకత్తెర వంగిపోయినట్లు. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. నత్తను గుల్ల పగలగొట్టి తింటుందని చాలామంది అనుకుంటారు. ఒకసారి పొలం గట్టున కూర్చుని చూశాను. నత్తను బురదలో అదిమిపట్టి, కింది ముక్కు కొనను మూత పక్క నుంచి లోపలికి దూర్చి, కండ తెంచి, మాంసం బయటికి లాగింది. అది వెళ్లాక గుల్ల తీసి చూస్తే దాదాపు చెక్కుచెదరలేదు. వరినాట్లలో లేత పిలకలు కొరికే నత్తలను కూలి లేకుండా ఏరిపెట్టే పక్షి ఇది.

గూళ్ల దగ్గర ఏం గమనించాలి?

మిట్టమధ్యాహ్నం చూడండి. అందరూ తెల్లవారుజామున రమ్మంటారు, అదీ నిజమే. కానీ ఎర్రకాళ్ల కొంగ అమ్మతనం కనిపించేది ఎండలోనే. సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు గొడుగులా విప్పి, పిల్లల మీద నీడ పడేలా గంటల తరబడి నిలబడుతుంది. సూర్యుడు జరిగితే తనూ జరుగుతుంది. జతపక్షి చెరువుకు వెళ్లి గొంతులో నీళ్లు తెచ్చి పిల్లల మీద, వాటి నోళ్లలో కక్కుతుంది.

గూడబాతు మూడు నాలుగు సున్నపు తెలుపు గుడ్లు పెట్టి నెలరోజులకు పైగా పొదుగుతుంది. పెద్దవి దాదాపు మూగవి. వినిపించే గొడవంతా పిల్లలదే. తల్లి నోరు తెరవగానే పిల్ల తలను మెడదాకా ఆ సంచిలోకి దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందని కేకపెడతారు. పిల్లలు ఎగిరి స్వతంత్రంగా బతకడానికి మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. ఆ ఐదు నెలలూ చెరువులో నీళ్లుండాలి, చెట్టు నిలవాలి.

వీటివల్ల ఊరికి ఇబ్బంది లేదా?

ఉంది. లేదని చెప్పేవాళ్లు ఆ ఊళ్లో ఒక రాత్రి పడుకోలేదన్నమాట. రెట్టల వాసన, పెంకుల మీద పడి కుళ్లే చేపముక్కలు, ఆరేసిన బట్టల మీద మరకలు. చెట్టు మీద గూళ్లుంటే చింతకాయ దులపలేరు. ఆ ఏడు చింతపండు మీద వచ్చే నాలుగు రూపాయలు పోయినట్లే. ఆ నష్టం ఊరుమ్మడిది కాదు, చెట్టున్న ఇంటివాళ్లది. పక్షుల ఊరని పేరు అందరికీ వస్తుంది, చీపురు మాత్రం ఒక ఇల్లాలి చేతిలో ఉంటుంది. పక్క రాష్ట్రంలోని కొక్కరె బెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీశాఖ కొంత పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది. ఇలాంటిది లేకుండా ‘పక్షుల్ని ప్రేమించండి’ అని ఉపన్యాసం ఇవ్వడం నాకు సిగ్గుగా ఉంటుంది.

లాభం వైపు చూస్తే రెట్ట కలిసిన చెరువునీరు మంచి ఎరువు. నేలపట్టులో ఆయకట్టు రైతులకు ఆ సంగతి తరతరాలుగా తెలుసు.

కొల్లేరులో ఏం జరిగింది?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద రక్షణకు లోటు లేదు. నీటి మీద మాత్రం అప్పటికే చేపల చెరువులు పరుచుకున్నాయి. 2006లో ప్రభుత్వం పెద్దఎత్తున గట్లు కొట్టించింది. కొంతకాలానికి చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. కాంటూరును మూడుకు తగ్గించాలన్న డిమాండు ఎన్నికలప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది.

చేపల చెరువు నిండా నీళ్లూ చేపలూ ఉంటాయి కదా, పక్షికేం లోటని అడుగుతారు. లోతు ఒక లోటు. నిలువు గట్ల మధ్య నడుము దాటి లోతున్న నీటిలో కాళ్ల మీద నడిచే పక్షికి చోటు లేదు. గూడబాతు, నీటికాకి తింటాయి. మిగతావి గట్టు మీద నిలబడి చూస్తాయి. పైగా చెరువు పెట్టుబడి పెట్టినవాడికి ప్రతి పక్షీ దొంగే. టపాకాయలు, వలలు. లంక గ్రామాల మత్స్యకారులను మాత్రం ఈ విషయంలో తప్పుపట్టలేను. పెద్ద చెరువులు ఎవరివో, కూలికి కాపలా ఎవరు కాస్తారో ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. ఆటపాకలో ఇనుప స్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టుకున్నాయి. చూడటానికి కరెంటు స్తంభాల మీద కాపురంలా ఉంటుంది. చెట్టు లేనిచోట అదే మేలు.

తేలినీలాపురంలో పక్షులు గుంపుగా చనిపోయాయని విన్నాం. కారణం?

2021-22 శీతాకాలంలో అక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో రాలిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని అనుమానించారు. పక్షి అభయారణ్యంలో ఉంటుంది, భోజనం బయట చేస్తుంది. కంచె వేసేది గూటికి, కాపాడవలసింది దాని పళ్లెం కూడా. చుట్టుపక్కల చేపల చెరువుల ఆరోగ్యాన్ని పట్టించుకోకుండా చెట్టుకింద కాపలా పెట్టి ప్రయోజనం లేదు.

సర్కారు తుమ్మ కొట్టేసి చెరువు శుభ్రం చేయడం మంచిదే కదా?

ఎప్పుడు, ఎంత అన్నదే ప్రశ్న. సర్కారు తుమ్మ మీద నాకే ప్రేమా లేదు. బీళ్లను మింగేసిన చెట్టది. కానీ ఉప్పలపాడులో పక్షులు ఆశ్రయించింది ఆ తుమ్మలనే. గూళ్లున్న చెట్టును మధ్యలో కొడితే గుడ్లూ పిల్లలూ పోతాయి, చట్టం లెక్కలో అది వేట కిందికే వస్తుంది. పూడిక తీయాలంటే పిల్లలు ఎగిరిపోయాక తీయండి. చెరువు నడుమ ఒకటి రెండు మట్టిదిబ్బలు వదలండి, వాటి మీద నల్లతుమ్మ నాటండి. చెరువు మొత్తం బొక్కెనలా నిటారుగా తవ్వవద్దని యంత్రం నడిపే అబ్బాయికి ముందే చెప్పాలి. అతనికి ఘనపు మీటర్ల లెక్కే తెలుసు.

నీళ్లు లేని పల్లెల్లో కాపాడవలసిన పక్షులు లేవా?

నిజానికి అక్కడివే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. 614 హెక్టార్లు. అది చుట్టూ ఉన్న బీళ్లలో, జొన్నచేలలో కూడా తిరిగే పక్షి. బీళ్లు పోయాయి, పంటలు మారాయి, కాలువలొచ్చాయి. ఇవాళ రోళ్లపాడులో ఆ పిట్ట కోసం వెతికితే గడ్డే కనిపిస్తుంది. దేశం మొత్తంలో 150కి మించి మిగల్లేదు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

కలివికోడి కథ ఇంకా విచిత్రం. ఈ పక్షిని 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. శాస్త్రవేత్తలు ఎనభై ఏళ్లకు పైగా చూడని పక్షి గురించి ఆ చుట్టుపక్కల మనుషులకు పేరుతో సహా తెలుసు! శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే వెలిసింది. ముళ్లపొదల నడుమ ఖాళీ నేల దానికి కావాలి. రెవెన్యూ రికార్డులో అలాంటి నేల పేరు బంజరు. ఆ మాట ఒక్కటి చాలు, దాని మీదికి ఏ పథకమైనా వచ్చేస్తుంది.

నెమళ్లు, చిలుకలు పంట తింటున్నాయి. రైతు ఏం చేయాలి?

విషం పెట్టడం, ఉచ్చులు వేయడం నేరం. నెమలికి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వేటాడితే కనీసం మూడేళ్ల జైలు. చిలుకను పంజరంలో పెంచడమూ చట్టవిరుద్ధమే, 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి రామచిలుకే అయినా దాని పంజరాలు మాత్రం తగ్గలేదు.

అయితే రైతు బాధ నిజం. పాతవాళ్లు మంచె వేసి, డబ్బా కొట్టి, వడిసెల తిప్పేవారు. పక్షికి రాయి తగలాలని కాదు, చప్పుడుకు బెదరాలని. ఇప్పుడు కాపలా కూలి పంట విలువను మించుతోంది. మెరిసే రిబ్బన్లు కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత పక్షులు అలవాటు పడతాయి. రెండు మూడు పద్ధతులు వారం వారం మార్చడం, ఊళ్లో అందరూ ఒకేసారి విత్తడం కాస్త మేలు. ఒక్కడే ముందు విత్తితే ఊరి పక్షులన్నీ ఆ ఒక్కడి చేలోనే దిగుతాయి.

పిచ్చుకలు సెల్ టవర్ల వల్ల పోయాయా?

టవర్లే కారణమని గట్టిగా తేలలేదు. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో గింజ కాదు, పురుగు కావాలి. దూలాల సందు, పెంకుల చూరు కావాలి. సిమెంటు డాబాలో ఆ రెండూ లేవు. వరికోతలప్పుడు ధాన్యపు కుచ్చు అల్లి వసారాలో వేలాడదీసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అది మంచిదే. పెరట్లో పురుగుమందు కొట్టకపోవడం అంతకంటే మంచిది.

గూటి నుంచి పిల్ల పడిపోయింది. ఏం చేయాలి?

ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదు. ముందు దూరం జరిగి చూడండి, తల్లి వస్తుందేమో. చిన్నపిట్ట పిల్ల అయితే గూట్లో తిరిగి పెట్టవచ్చు. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. కొంగపిల్ల అయితే ముక్కుతో కంటి మీద పొడుస్తుంది. తువ్వాలు కప్పి, అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖ వాళ్లకు కబురు పెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చచ్చిపడిన పక్షులను, ముఖ్యంగా ఒకేచోట ఎక్కువ పడివుంటే, వట్టి చేతులతో ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ చేసిన నష్టం గుర్తుంది కదా.

సంక్రాంతి తర్వాత చెట్లకు చిక్కుకున్న మాంజా దారాలు తీయించండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా గూళ్ల చెట్లకు వేలాడుతూనే ఉంటుంది.

డ్రోన్ ఎగరేసి వీడియో తీయవచ్చా?

వద్దు. పెద్దపక్షులు ఒక్కసారిగా లేస్తే గుడ్లు దొర్లి కిందపడతాయి. ఎండలో నీడ తొలగిన పిల్లలను కాకులు చూసుకుంటూ ఉంటాయి.

నేనూ పక్షుల లెక్కలో పాల్గొనవచ్చా?

పాల్గొనవచ్చు. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. పక్షుల జాబితాలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైటులో మీ ఊరి చెరువు పేరుతో ఎప్పుడైనా జాబితా నమోదు చేయవచ్చు. పేరు తెలియని పక్షిని రాయకుండా వదిలేయండి. ఊహించి రాసింది లెక్కను పాడుచేస్తుంది. బైనాక్యులర్లు లేకపోయినా ఫరవాలేదు. గూళ్ల చెట్టు ఒకటి ఎంచుకుని, ఏ తేదీన మొదటి పక్షి వాలింది, ఏ తేదీన చివరి పిల్ల ఎగిరింది, ఆ రోజు చెరువులో నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయి, ఈ మూడూ నోటుబుక్కులో రాయండి. పెన్ను కంటే పెన్సిలు మేలు. గూళ్ల కింద నిలబడితే ఏ నిమిషంలోనైనా కాగితం తడుస్తుంది. టోపీ కూడా అందుకే.